ఎర్తు గుంతకు దూప

2018 మార్చి 26, శ్రీరామనవమి. ఆ మధ్యాహ్నం చింతపండు పులిహోర, వడపప్పు తిని రెండు గ్లాసుల పానకం తాగిన సంగతి దామోదర్‌కు ఇప్పటికీ గుర్తే. కల్వకుర్తిలో వాళ్ల ఇంటి ముందటి పందిట్లో, కొత్తగా కొన్న స్పీకరు మొదటిసారి మోగింది ఆ రోజే. భార్య పుష్ప, పక్కింటి భద్రమ్మ ఒకే మైకు పట్టుకొని చెరో వంతు మంగళహారతి పాడారు.

ఆంప్లిఫయర్ లోపలే ఉండే స్పీకరు అది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే దామోదర్ ఇంట్లోనూ పాఠం మొదలుపెట్టాడు: వైర్లన్నీ కలిపాక చివర దాన్ని ఆన్ చెయ్యాలి, పని అయ్యాక ముందు దాన్నే ఆపాలి.

"ఆఖర్న లేస్తది, ముందుగాల పండుకుంటది. కొత్తల్లుడే నయం!" అని నవ్వింది పుష్ప.

పుష్ప పోయి ఏడాది దాటింది. ఈ నవమికి ఆమె వంతు కూడా తానే పాడతానని భద్రమ్మ మాటిచ్చింది. తీరా పొద్దున మైకు పట్టగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"సారూ, జివ్వుమంటాంది! పుష్పక్క పాట పాడమంటే పుష్పక్క దగ్గరికే పంపేటట్టున్నవు!"

పందిట్లో అందరూ నవ్వారు. దామోదర్ గబగబా స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేశాడు.

ఒకప్పుడు అతని దగ్గర చదివి, ఇప్పుడు ఎలక్ట్రికల్ దుకాణం నడుపుతున్న శ్రీకాంత్ ముందుకొచ్చాడు. "ఫికర్ జెయ్యకుండ్రి సార్. మైకుకు గుడ్డ చుడదాం."

"పానకం కలిపిన తడి చేతులు. గుడ్డ తడువదా? నా క్లాసుల నిద్రపోయినవా?"

"నిద్ర గాదు సార్, అసలు రానే రాలే."

"పాట లేకున్నా సరే. గిట్ల మాత్రం ఆమె చేతికి మైకియ్య."

శ్రీకాంత్ ప్లగ్గు పాయింటులో ఫేజుకు, ఎర్తుకు మధ్య టెస్టు బల్బు పెట్టి చూశాడు. బల్బు మిణుకుమంది. ఎర్తు సరిగా అందడం లేదు; భూమిలోకి పోవాల్సిన కరెంటు మైకులోకి వస్తోంది.

దామోదర్ పెరట్లోకి వెళ్లాడు. ఎర్తు గుంత మీది మన్ను ఎండి నెర్రెలిచ్చింది. పక్కనే బోర్లించిన పుష్ప చెంబు, దుమ్ము పట్టి ఉంది.

గుంత తవ్విన రోజు అతనే చెప్పాడు, మన్ను ఎండితే ఎర్తు పనిచెయ్యదని. "అంటే దీనికి గూడ దూపైతదన్నట్టు, నీళ్లు తాపాలె," అంది పుష్ప. ఆ తర్వాత ఎండాకాలం పొద్దున్నే ఆమె బియ్యం కడిగిన నీళ్లతో ఇటు రావడం అతను చూస్తూనే ఉన్నాడు. కరివేపాకు చెట్టుకు పోస్తోందనుకున్నాడు. ఒక్కసారీ అడగలేదు.

వెనకే వచ్చిన భద్రమ్మ నాలుక కరుచుకుంది. "అక్క ఊరికి పోతే నాకు చెప్పి పోయేది సారూ, గుంతల నీళ్లు పొయ్యమని. నేనే మర్సిన."

రెండు బకెట్లు పోశారు. కల్యాణం మైకు లేకుండానే నడిచింది. హారతి వేళకు మళ్లీ పెడితే బల్బు నిండుగా వెలిగింది. దామోదర్ వైర్లు కలిపి, చివర స్పీకరు ఆన్ చేసి, ముందు టెస్టరుతో, తర్వాత తన చేత్తో మైకు చూసుకున్నాడు. భద్రమ్మకు తువ్వాలు అందించాడు. ఆమె చేతులు తుడుచుకొని మైకు తీసుకుంది. రెండు వంతులూ పాడింది.

సాయంత్రం అతను ముందు స్పీకరు ఆపి, తర్వాత మిగతావి విప్పి లోపల పెట్టాడు. తన ఒక్కడికి బియ్యం కడిగి, ఆ నీళ్లు పుష్ప చెంబుతో గుంతలో పోశాడు. చెంబు బోర్లించి, లోపల ఎవరో నిద్రపోతున్నంత మెల్లగా పెరటి తలుపు వేశాడు.