శుక్రవారం కొట్లాట

సైన్సు బ్లాకు మెట్ల పక్కన గోడకు బిగించిన ఆ హాజరు యంత్రం ఇంగ్లీషులో మాట్లాడుతుంది. వేలు పెట్టగానే పచ్చదీపం వెలిగి, ఒక ఆడగొంతు థాంక్యూ అంటుంది. సాయికుమార్ వేలు పెడితే మాత్రం ఎర్రదీపం వెలిగి, ప్లీజ్ ట్రై అగైన్ అంటుంది. ఆ రోజు పొద్దున పదకొండుసార్లు అలాగే అంది. క్యూలో అతని వెనకే నిలబడ్డ మృదుల చూస్తూనే ఉంది.

కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేలు, ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ బొటనవేలు. ముప్ఫయ్యేళ్ల మనిషి, ఎమ్మెస్సీలో యూనివర్సిటీకే ఫస్టు వచ్చినవాడు, ఒక గోడ ముందు నిలబడి తన వేళ్లు ఒక్కొక్కటే చూపించుకుంటున్నాడు. కాపలా ఉండే నర్సింహులు జాలిపడి, "నీ ఏళ్లకు గీతల్లేవు తమ్మీ, నున్నగ పాలిష్ వెట్టినట్టున్నయ్" అన్నాడు.

గీతలెక్కడినుంచి వస్తాయి? సాయికుమార్ పోచంపల్లి పక్కన చేనేత ఊళ్లో పుట్టాడు. ఏడో ఏట నుంచి నూలుకు రబ్బరు ముక్కలు చుట్టడం, రంగులో ముంచడం, విప్పడం, మళ్లీ చుట్టడం. పీహెచ్‌డీలో చేరాక కూడా సెలవులకు ఇంటికి పోతే అదే పని. ఉన్న గీతలన్నీ ఆ నూలే తీసుకుంది. స్నాతకోత్సవం నాడు వేదిక మీద కూర్చునే అమ్మగార్లందరికీ ఆ ఊరి చీరలే కావాలి. ఆ చీర నేసిన చేతికి హాజరు వేసే యంత్రం మాత్రం ఈ దేశంలో ఎవరికీ దొరకలేదు.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం అతికించారు. హాజరు ఇరవై రెండు శాతం, అందువల్ల పరిశోధక విద్యార్థిగా రిజిస్ట్రేషన్ రద్దు, మూడు రోజుల్లో హాస్టల్ ఖాళీ చేయాలి. సాయికుమార్ రోజూ డిపార్టుమెంటు పుస్తకంలో సంతకం పెట్టేవాడు. ఆ పుస్తకం పట్టుకుని రిజిస్ట్రారు దగ్గరికి పోతే, యంత్రం వచ్చాక పుస్తకం చెల్లదన్నారట. అతను నోటీసు రెండుసార్లు చదివి మృదుల వైపు తిరిగాడు.

"ఇరవై రెండన్న ఎట్లొచ్చింది మృదులా? అంటే కొన్ని దినాలు నన్ను గుర్తువట్టిందన్నమాట," అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఆమె తల దించుకుంది.

మృదుల పరిశోధక విద్యార్థుల సంఘానికి సహాయ కార్యదర్శి. ఎన్నికల్లో గెలిచిన సంఘమే, కానీ దానికో గది లేదు, బల్ల లేదు. క్యాంటీన్ వెనక రేకుల షెడ్డే ఆఫీసు. నెలకు రెండుసార్లు రెండు పేజీల వార్తల కాగితం వేస్తారు. హాస్టల్ నీళ్ల సంగతి, లైబ్రరీ వేళల సంగతి, ఎవరి గైడు ఎవరిని ఇంటిపనికి వాడుకుంటున్నాడనే సంగతి, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని రాసేది, దిద్దేది, దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ తీయించి గోడలకు అతికించేది మృదులే.

అధ్యక్షుడు జానయ్య. నల్గొండ జిల్లా నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి మట్టయ్య ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో నడుపుతాడు. జానయ్య థీసిస్ చివరి అధ్యాయంలో ఉంది, ఇంకో రెండు నెలల్లో ఇచ్చేయాలి. ఏడేళ్ల చదువు, ఆ ఇంట్లో అంతదాకా చదివిన మొదటి మనిషి.

మర్నాడు మధ్యాహ్నానికే షెడ్డు నిండిపోయింది. వాదనలు మొదలయ్యాయి. ఎమ్మెస్సీ చదివే వంశీకృష్ణ, ఒక్కడి వేలు పని చేయకపోతే అందరం రోడ్డెక్కడం ఎందుకు, మర్యాదగా ఒక అర్జీ ఇద్దామన్నాడు. అర్జీలిచ్చీ ఇచ్చీ చేతులరిగాయని పీహెచ్‌డీ చేసే రజిత మండిపడింది. ఆమె మాటకు జానయ్య లేచాడు.

"ఒక్కసారి చేతులు సూపియ్యుండ్రి అందరు," అన్నాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత రజిత చేయి ముందుకు చాపింది. ల్యాబులో ఆసిడ్ పడి వేళ్ల కొసలు తెల్లబారి ఉన్నాయి, వారానికి రెండుసార్లు యంత్రం ఆమెనూ పొమ్మంటోందట. ఇంకొకరు సెలవుల్లో తాపీ పనికి పోయే పిల్లవాడు. మరొకరు చిన్నప్పటి నుంచి పత్తి ఏరిన అమ్మాయి. ఒక్కొక్క చేయీ పైకి లేస్తుంటే మృదుల తన చేతులు చూసుకుంది. మెత్తటి వేళ్లు, ఎప్పుడూ పచ్చదీపమే. ఆమెకు సిగ్గేసింది.

"గిది సాయిగాని ఏలు ముచ్చట కాదు," అన్నాడు జానయ్య. "పని జేసిన చెయ్యిని ఈ యూనివర్సిటీ గుర్తువడుతలేదు. మన అయ్య అవ్వ చేతులతోని మనం ఈడికొచ్చినం. శుక్రవారం పోదాం, రిజిస్ట్రార్‌తోని కొట్లాడుదాం."

వంశీకృష్ణ కూడా చప్పట్లు కొట్టాడు.

ఇక్కడే కొట్లాడుదాం అన్న ఆ మాట సంగతి చెప్పాలి. మృదుల వాళ్లది తణుకు వైపు. ముప్ఫయ్యేళ్ల కిందట తాతగారు వచ్చి చైతన్యపురిలో ఇల్లు కట్టుకున్నారు. ఆమె పుట్టింది ఇక్కడే అయినా ఇంట్లో మాట మాత్రం నాయనమ్మ అమ్మాజీ మాటే. రెండేళ్లుగా జానయ్య వాక్యాలన్నీ దిద్దింది ఆమె. పోయినం అంటే వెళ్లాం అని రాసేది, అడుగుతున్నం అంటే కోరుతున్నాం అని మార్చేది. నా మాట నీ చేతిల వడితే ఇస్త్రీ బట్ట లెక్క అయితదని అతను ఆటపట్టించేవాడు. ఆ రోజు చేతులు చూశాక ఆమె మనసులో ఒక నిర్ణయానికి వచ్చింది. ఈసారి అతని మాట దిద్దకూడదు, ఉన్నదున్నట్టు పెద్దక్షరాల్లో పెట్టాలి. పెట్టింది కూడా. శీర్షికకు తగ్గట్టు ఉండాలని కాస్త పొట్టిగా చేసింది, అంతే.

'శుక్రవారం కొట్లాట. రిజిస్ట్రార్ ఆఫీసుకు అందరూ రండి.'

కాగితాలు తెచ్చి చూపిస్తే జానయ్య చదివి పకపకా నవ్వాడు. "కొట్లాడుడంటే అడుగుడు, నిలవడుడు. నువ్వు రాసింది సూస్తే కోడిపుంజులు యాదికొస్తున్నయ్."

ఆమె మొహం చిన్నబోయింది. నిజమే, వాళ్లింట్లో కొట్లాటంటే కుళాయి దగ్గర జుట్లు పట్టుకోవడమే. మార్చమంటావా అని అడిగింది. అతను ఆమె మొహం వైపు చూశాడు, చేతిలో ఉన్న రెండు వందల కాగితాల వైపు చూశాడు.

"ఒద్దుతియ్. మంచిగనే ఉన్నది," అన్నాడు.

ఆ ఒక్క ముక్క ఆమెను నొప్పించకూడదని అన్నాడు. దాని ఖరీదు ఎంతో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

శుక్రవారం మూడు వందల మంది వచ్చారు. గంటన్నర వరండాలో కూర్చున్నారు. రిజిస్ట్రారు వెనక తలుపు నుంచి వెళ్లిపోతున్నారని తెలిసి అంతా లేచారు, కాపలావాళ్లు నెట్టారు, వీళ్లు నెట్టారు, తలుపు అద్దం పగిలింది. ఎవరి మోచెయ్యి తగిలిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. పావుగంటలో పోలీసులొచ్చారు.

కేసు కాగితాల్లో మొదటి సాక్ష్యం ఆ వార్తల కాగితమే. ముందే తేదీ పెట్టుకుని, స్థలం చెప్పుకుని, కొట్లాటకు జనాన్ని పిలిచారట. రిజిస్ట్రారుకు ఆ మాట అర్థం తెలియదనుకునేరు. ఆయనదీ ఈ గడ్డే. ఆయన చదువుకునే రోజుల్లో ఆ మాట పట్టుకునే ఊరేగింపుల్లో నడిచాడు. కానీ కుర్చీలో కూర్చున్నాక ఏ అర్థం పనికొస్తుందో ఆ అర్థమే తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున హాస్టల్లో టిఫిను చేస్తున్న జానయ్యను జీపెక్కించారు. ఈ కాగితం రాసింది ఎవరని ఎస్సై అడిగితే, చేయి కడుక్కుంటూ, "నేనే" అన్నాడట. ఆ సంగతి రజిత మృదులకు ఫోను చేసి చెప్పింది. పద్నాలుగు రోజుల రిమాండు. రెండేళ్ల బహిష్కరణ. బహిష్కరించిన వాడి థీసిస్ ఎవరూ తీసుకోరు, గడువు దాటితే ఏడేళ్లూ పోయినట్టే.

రాసింది తనేనని మృదుల ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టడమెందుకు, ఆమె భయపడింది. ఇంట్లో నాన్న తలుపు వేసి, నీ థీసిస్ ఇచ్చే నెలే ఇది, నీకెందుకమ్మా అని బతిమాలాడు. అతనెలాగూ ఒప్పుకున్నాడు కదా అని తనకు తనే నచ్చజెప్పుకుంది. అలా తొమ్మిది రోజులు అన్నం తిన్నది, నిద్రపోయింది, యంత్రానికి వేలు పెడితే అది థాంక్యూ అంది. ఆ థాంక్యూ ఒక్కటే ఆమెకు భరించరానిదైంది.

పదో రోజు రజితతో కలిసి సాయికుమార్ ఊరికి బస్సెక్కింది. ఈ గొడవ మీద యూనివర్సిటీ వేసిన విచారణ సంఘం ముందు యంత్రం సంగతి అతని చేత చెప్పించాలని వాళ్ల ఆశ. ఇంటికి చేరేసరికి అతను లేడు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఏదో గోదాములో పనికి కుదిరాడట. తల్లి అండాలమ్మ గుంజలకు నూలు సాగదీసి రబ్బరు ముక్కలు చుడుతోంది. చెయ్యి ఆపకుండానే కూర్చోమంది.

"ఆడ ఏలు అడుగరంట బిడ్డా, పుస్తకంల సంతకం వెడితె సాలంట. ఇగ సదువు ముచ్చట తియ్యకమ్మా అన్నడు," అంది. "నా ఏలు గూడ రేషన్ దుకాణంల పడది. నా గీతలు పోయినందుకు ఎన్నడు ఏడ్వలే. వానివి పోయినయని ఏడుస్తున్న."

తర్వాత లేచి, దూలం సందులో దోపిన ఒక మడత కాగితం తీసింది. సాయికుమార్ పేరు అచ్చయిందని ఎవరో చెబితే దాచుకుంది. తనకు చదవడం రాదు, కొడుకును అడిగితే చదవడు. ఏం రాశారో జర చదివి చెప్పమని మృదుల చేతికే ఇచ్చింది.

తన అక్షరాలే. మృదుల మొదటి వరుస చదివింది. శుక్రవారం కొట్లాట. అండాలమ్మ చేతిలో దారం ఆగింది.

"కొట్లాటని రాసిండ్రా? నా కొడుకు కోసం?" అంది. "మంచిగ రాసిండ్రు. ఎవలు రాసిండ్రో గాని, సల్లగుండాలె."

ఆ ముసలామె ఒక్కతే ఆ మాటను సరిగ్గా చదివింది, అదీ చదువు రాకుండా. మృదులకు ఏడుపు ఆగలేదు. రజిత కంగారుపడి భుజం పట్టుకుంది. "నేనే రాశానమ్మా," అంది మృదుల. "రాసింది నేను. జైల్లో ఉన్నది ఇంకొకరు."

అండాలమ్మ దగ్గరికి వచ్చి, రంగు మరకల చేత్తో ఆమె కన్నీళ్లు తుడిచింది. ఆ వేళ్లు నున్నగా, చల్లగా ఉన్నాయి. "నాకు చెప్తె ఏమొస్తది బిడ్డా. చెప్పెటోళ్లకు చెప్పు," అంది.

పన్నెండో రోజు విచారణ సంఘం ముందు నిలబడి మృదుల చెప్పింది. బల్లకు అటువైపు ఐదుగురు పెద్దలు, మధ్యలో రిజిస్ట్రారు.

"ఆ కాగితం రాసింది నేను. జానయ్య అన్నది కొట్లాడుదాం అని. మా ఇంట్లో ఆ మాటకు తన్నుకోవడమని అర్థం. వాళ్లూళ్లో తనవాళ్ల పక్కన నిలబడడమని అర్థం. నాకది తెలియక అలా రాశాను. మీకు తెలుసండి. తెలిసీ అతన్ని జైలుకు పంపారు."

ఒకాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. రెండు రోజులకు ఉత్తర్వు వచ్చింది. జానయ్య పేరు తీసేయలేదు, అతని పేరు కింద ఆమె పేరు చేర్చారు. ఆమెకూ ఏడాది బహిష్కరణ, వచ్చే సోమవారం సాయంత్రం నుంచి. న్యాయమంటే వాళ్ల దృష్టిలో అదే.

ఆ ఆదివారం షెడ్డులో నిలబడే చోటు కూడా లేదు. మృదుల అదే మాట అందరి ముందూ మళ్లీ చెప్పింది, తొమ్మిది రోజులు నోరు మూసుకున్న సంగతి కూడా దాచుకోలేదు. తిడతారనుకుంది. ఎవరూ తిట్టలేదు. వంశీకృష్ణ లేచి, అర్జీ ఇద్దామన్నది నేను, మీరు నన్నూ తిట్టలేదుగా అన్నాడు. తర్వాత రజిత, రేపు పొద్దున ఏం చేయాలో చెప్పింది.

సోమవారం తొమ్మిదింటికి మట్టయ్య ఆటో గేటు ముందు ఆగింది. బెయిలు మీద వచ్చిన జానయ్య దిగాడు, మనిషి సగమయ్యాడు. బహిష్కరించిన వాడిని లోపలికి రానివ్వకూడదని నర్సింహులుకు ఆజ్ఞ. అతను తల పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు కానీ గేటు తీయలేదు. మృదుల ఊచల దగ్గరికి వచ్చింది.

"నీ థీసిస్ పోయింది, జానయ్యా."

"పోయింది," అన్నాడు. "మా నాయిన అట్టలు గూడ కొనుక్కొచ్చి పెట్టిండు, బైండింగుకు." తర్వాత క్యూ వైపు చూపించి, "లైన్ల నిలవడు పో. గేటు కాడినుంచి చూస్తుంట," అన్నాడు.

యంత్రం ముందు క్యూ మెట్లు దిగి, చెట్ల కిందుగా క్యాంటీన్ దాకా పోయింది. మొదట రజిత నిలబడింది. చేతులు రెండూ వెనక కట్టుకుంది. యంత్రం ముందు ఒక్క క్షణం ఆగి, పక్కకు జరిగి గోడవారగా నిలబడింది. వెనక వంశీకృష్ణ. చేతులు వెనక్కే. ఆ వెనక తాపీ పని పిల్లవాడు, పత్తి ఏరిన అమ్మాయి, ఎప్పుడూ పచ్చదీపమే వెలిగే మెత్తటి చేతులవాళ్లు. ఒక్క నినాదం లేదు. మృదుల వంతు దగ్గరపడుతుంటే ఆమె తన ముందు ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలింది. అది సాయికుమార్ చోటు. ఆ ఖాళీ కూడా యంత్రం ముందుకు వచ్చి, ఒక్క క్షణం ఆగి, పక్కకు జరిగింది.

పదిన్నరకు రిజిస్ట్రారు తన గదిలో కంప్యూటరు తెరిచాడు. హాజరు పట్టికలో నాలుగు వందల పేర్లున్నాయి, ప్రతి పేరు ఎదుటా సున్నా. ఆ రోజు క్యాంపస్‌కు ఒక్కరు కూడా రాలేదని యంత్రం రాసుకుంది. నాలుగు వందల మందీ దాని ముందే నిలబడి ఉన్నారు.