నీలానికి ఏడు రోజులు

కొండలరావు నీలం రాయి ఉంగరాన్ని చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకు తిప్పి చూసి, మళ్లీ నడిమివేలికి తొడుక్కున్నాడు. ఇవాళ ఏడో రోజు. సాయంత్రం నాలుగింటికి గడువు తీరితే, కృత్తివెన్నులో రొయ్యల చెరువులున్న భానుప్రకాష్ వచ్చి ఈ నీలాన్ని పట్టుకెళ్తాడు.

బందరులో జ్యోతిర్మయి గారి రాళ్ల కొట్లో, వాళ్ల నాన్నగారి రోజుల నుంచీ, కొండలరావు చేసే పనులు రెండు. ఒకటి, రాయిని లెన్సు కింద పెట్టి అసలుదో నకిలీదో చెప్పడం. రెండోది ఏ కోర్సులోనూ నేర్పరు. నీలం శనిగ్రహం రాయి కదా, కలిసొస్తే అందలం ఎక్కిస్తుంది, కలిసిరాకపోతే పాతాళానికి తొక్కేస్తుంది అంటారు జనం. కొన్నవాళ్లింట్లో గ్లాసు పగిలినా చాలు, రాయి కొట్టుకు తిరిగొచ్చేస్తుంది. అలా వచ్చినదాన్ని కొండలరావు ఏడు రోజులు తొడుక్కుంటాడు. ఆయనకేమీ కాలేదని తేలాక ఇంకొకరు ధైర్యంగా కొనుక్కుంటారు.

ఆయనకేమీ కాదు. ఏం మనిషండీ! అరవై రెండేళ్లలో చెప్పుకోదగ్గ సంగతంటే, ఒకసారి సైకిల్ పోయింది, మర్నాడు దొరికింది. శనినీ నమ్మడు, శుక్రుణ్నీ నమ్మడు. అయినా ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఎదురైతే మాత్రం ఆ చెయ్యి జేబులో దాచుకుంటాడు, ఎందుకొచ్చిన గొడవని.

ఈ నీలమంటే మాత్రం ఆయనకు ప్రాణం. కొలిమిలో కాల్చి రంగు తేల్చిన రాళ్లే వస్తున్న ఈ రోజుల్లో ఇది కాల్చని సిలోన్ రాయి. లెన్సులోంచి చూస్తే లోపల పట్టుపోగుల్లాంటి సన్నటి గీతలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. వేడి తగిలితే అవి తెగి చుక్కలైపోతాయి. అలాంటి రాయికి చెడ్డపేరు వచ్చిపడింది. గుడివాడ ఆవిడ తొడుక్కున్నరోజే మెట్ల మీద జారిపడింది. నందివాడ రైసుమిల్లు ఆయనకు మోటారు కాలిపోయింది. ఇద్దరూ తిప్పి పంపేశారు. మూడోసారీ వస్తే ఇక బీరువాలోనే సమాధి. పాపం, రాయికేం తెలుసు?

పొద్దున్నించీ ఛాతీ పట్టేసినట్టుంది. గ్యాసేమోనని బస్టాండు దగ్గర గోలీసోడా తాగాడు. పదకొండింటికి భానుప్రకాష్ రోజూలాగే ఫోన్ చేశాడు.

“బాబాయ్, ఏమన్నా అయిందా?”

“ఏమీ అవలేదండీ. నిక్షేపంలా ఉన్నాను.”

నొప్పి ఉన్నచోట చెయ్యేసుకునే ఆ మాటన్నాడు.

రెండున్నరకు చొక్కా చెమటకు తడిసిపోయింది. ఎడమచెయ్యి బరువెక్కింది. అప్పుడు భయమేసింది, తన కోసం కాదు. ఉంగరం వేలికుండగా తనకేమన్నా అయితే ఈ రాయిని ఇంకెవరూ ముట్టుకోరు. గబగబా తీసి తూకం పళ్లెంలో పెట్టాడు.

“అమ్మాయిగారూ, ఇదుగోనండీ. ఏడు రోజులూ అయిపోయినట్టే. ఏమీ అవలేదు.”

“ఇంకా గంటన్నర ఉందిగా మావయ్యా? మొహం అలా ఉందేంటి? ఆసుపత్రికి వెళ్దాం పదండి.”

“అబ్బే, గ్యాసండీ. ఇంటికెళ్లి కాస్త నడుం వాలుస్తాను.”

ఎంత చెప్పినా వినలేదు. జ్యోతిర్మయే ఆటో ఎక్కించింది. ఇంట్లో భార్య సరోజ మంచినీళ్లు తెచ్చేలోపే ఆయన కుర్చీలో తల వాల్చేశాడు.

నాలుగింటికి భానుప్రకాష్ వచ్చేసరికి జ్యోతిర్మయి ఏడుస్తూ కొట్టు మూయబోతోంది.

“మావయ్య పోయారండీ. ఇందాకే, ఇంటికెళ్లాక.”

అతను పళ్లెంలోని ఉంగరాన్ని చూసి వెనక్కి జరిగాడు. “ఇది వేలికుండగానా?”

“కాదు. తీసేశాక.”

“తీసేశాకా?” అతను మళ్లీ ముందుకొచ్చాడు. “చూశారా అమ్మా, ఉన్నంతసేపూ కాపాడిందన్నమాట. అయ్యో బాబాయ్, ఎందుకు తీశావయ్యా!” నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మావయ్య ఎందుకు తీశాడో జ్యోతిర్మయికి అప్పుడర్థమైంది. దుఃఖం పొంగుకొచ్చింది. ఉంగరం ఉండగానే ఒంట్లో బాగోలేదన్న నిజం చెప్పేస్తే ఆయన ఆఖరి పని కాస్తా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భానుప్రకాష్ ఉంగరం అందుకున్నాడు. లావుపాటి వేలికి ఎక్కలేదు. కొండలరావు తన సన్నటి వేలికి జారిపోకుండా ఉంగరానికి దారం చుట్టి ఉంచాడు. భానుప్రకాష్ ఆ దారాన్ని మెల్లగా విప్పి పళ్లెంలో వేశాడు. ఉంగరం తొడుక్కుని, కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

దారం చెమటకు నల్లబడి, విప్పినా మెలికలు పోకుండా పళ్లెంలో అలాగే ఉంది.