మలావీ పోయే పిల్ల

వీణ ఆఫ్రికాలోని మలావీ పోవాలా వద్దా అన్నది నా నోటి మాట మీద ఆగింది. బల్దియాలో రోడ్లు ఊడ్చి రిటైరైన కాశమ్మ మాట మీద. నవ్వొస్తుంది కానీ నిజం.

మా మెన్నొనైట్ క్రైస్తవ సంఘం పద్ధతి అది. సువార్త సేవకు పరాయి దేశం వెళ్లేవాళ్లు అక్కడ పెద్దలైపోకూడదు. అక్కడి సంఘాలను నడిపేది అక్కడివాళ్లే, మనవాళ్లు వాళ్ల పక్కన నిలబడాలి. అందుకని వెళ్లేముందు ఇక్కడే ఒక పెద్ద చేతికింద కొన్నాళ్లు పనిచేయాలి. ఆ పెద్ద సరేనంటేనే పంపుతారు. పాస్టర్ డానియేలు వీణనూ ఆమె భర్త కృపాకర్‌నూ మాదన్నపేట నుంచి తెచ్చి, జహనుమాలో నేను నడిపే ప్రార్థన ఇంట్లో అప్పగించాడు. కృపాకర్ నోట్లో నాలుక లేని మనిషి, అతనితో ఫికర్ లేదు. పేచీ అంతా ఆ పిల్లతోనే.

మొదటి ఆదివారమే నాకు ఒళ్లు మండిపోయింది. నేను పాట ఎత్తుకుంటే నాకన్నా పెద్ద గొంతుతో అందుకుంది. వాక్యం చెబుతూ రూతు అత్త పేరు గుర్తురాక ఒక్క క్షణం ఆగానో లేదో, "నయోమి" అని తానే చెప్పేసింది. ఆడవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. ప్రార్థన అయ్యాక పిలిచాను.

"ఏంది బిడ్డా, నేను సచ్చిననా?"

"గట్ల కాదమ్మా, మీకు సాయం చేద్దామని..."

"నా జాగల నువ్వు కూసునుడు సాయమా? గక్కడ గా పాస్టర్లకు గూడ గిట్లనే చేస్తవా?"

ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, జహనుమా గల్లీలో నోరు కట్టుకోలేని పిల్ల మలావీ పోతుందట.

అయినా రావడం మానలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. చాపలు పరిచింది. జ్వరమొచ్చినవాళ్లను చూడబోతే నా వెంట నడిచింది. ఎవరేమడిగినా "అమ్మనడుగుండ్రి" అనేది. జవాబు నాలుక చివర ఉండగా పెదవి కొరుక్కోవడం నాకు కనబడుతూనే ఉండేది.

మొన్న కాళ్లు కడిగే ఆరాధన వచ్చింది. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు కదా, మేమూ ఒకరి కాళ్లు ఒకరం కడుగుతాం. మొదలుపెట్టాల్సింది పెద్దదాన్నైన నేను. డానియేలుకు నా మాట చెప్పాల్సిందీ ఆ రోజే. నీళ్ల టబ్బు ముందు మోకాళ్లూని, వరసలో ముందు కూర్చున్న ఆండాలు కాళ్లు కడిగాను. పక్కామె దగ్గరికి జరగబోతే మోకాలు కదల్లేదు. అందరూ చూస్తున్నారు. అయిపోయింది, టబ్బు ఈ పిల్ల లాక్కుంటుంది, రేపటినుంచి ఈ ఇంట్లో నేను ఉత్త ముసలిదాన్ని అనుకున్నాను.

వీణ వచ్చి నా పక్కన మోకరించింది. టబ్బు ముట్టుకోలేదు. తన భుజం నా చేతి కిందికి తెచ్చి ఊరుకుంది. దానిమీద బరువేసి జరిగాను. తానూ నాతో జరిగింది. ఒక్క మాట మాట్లాడలేదు. చివరి మనిషి వరకూ కడిగింది నేనే.

దేవా నీకు స్తోత్రం, ఎంత మంచి పిల్లను పంపావు అని నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే పాడు బుద్ధి పుట్టింది. ఇంత మంచి భుజాన్ని మలావీకెందుకివ్వాలి? "ఇంకా కుదురు రాలేదు" అంటే చాలు, ఇక్కడే ఉండిపోతుంది.

ఆఖరున వీణనే కూర్చోబెట్టి కాళ్లు కడిగాను.

"ఏమంటవు కాశమ్మక్కా?" అని డానియేలు అడిగాడు.

తువ్వాలుతో ఆమె పాదాలు వేలు వేలునా తుడిచాను. వీణ నన్నే చూస్తోంది.

"పంపుండ్రి," అన్నాను. "గక్కడ గూడ నాలెక్క మోకాళ్లు గుంజే పెద్దలుంటరు."

వీణ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను, దాచడమెందుకు.

ఇక లేవాలి. అలవాటైపోయిందేమో, చెయ్యి వీణ వైపే చాచాను. ఆమె వంగబోయి ఆగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడవారనున్న సక్కుబాయి వైపు చూసింది. ఇన్నేళ్లలో పిలిస్తే తప్ప ముందుకు రాని మనిషి సక్కుబాయి. లేచి వచ్చి నా చేతి కింద భుజం పెట్టింది.

"లే అక్కా, నేనున్న," అంది.

లేచాను.