నల్లరంగు కింద

బీరమ్మ ఇంట్లో సైకిళ్ళు నడింట్లో ఆరేవి, మనుషులు వాకిట్లో పడుకునేవారు. పటాన్‌చెరు కంపెనీల గొట్టాల నుంచి రాలే నుసి తడిరంగు మీద పడితే పని మళ్ళీ మొదటికొస్తుంది. మనిషి మీద పడితే తెల్లారి దులుపుకుంటే చాలు.

రంగు వేసేది ఆమె మొగుడు నర్సన్న. అంతకుముందు చేసే పనంతా బీరమ్మదే. చక్రాలు ఊడదీయాలి. రిమ్ముల తుప్పు కిరసనాయిలూ ఇటుకపొడీ పెట్టి రుద్దాలి. ఫ్రేముకు కాస్టిక్ సోడా నీళ్ళు పూసి, పాతరంగు ఉబ్బాక, విరిగిన రంపపు బ్లేడుతో గీకాలి. ఎవరైనా ముచ్చటపడి అడిగితే పైకడ్డీ మీద సన్నకుంచెతో పూలతీగ గీసేదీ ఆమే. చదువు రాదు గానీ, ముగ్గులు వేసీ వేసీ కుదిరిన చెయ్యి.

తొంభై మూడో సంవత్సరం ఎండాకాలంలో మందుల కంపెనీ గేటు కావలివాడు పెద్దరాములు ఒక సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా నల్లరంగు. చేయి తిరగనివాడెవడో పూసినట్టు ఎక్కడికక్కడ చారలు కట్టి ఉంది.

"మా బామ్మర్దికి ఇస్త. ఎర్రరంగు కొట్టుండ్రి, జెర జల్దీ" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున బీరమ్మ చేతికి పాతగుడ్డలు చుట్టుకుని పనిలో కూర్చుంది. నలుపు పొరలు పొరలుగా లేచింది. కింద ఆకుపచ్చ కనిపించింది. వెనక కడ్డీలు గీకేసి పైకడ్డీకి వచ్చేసరికి పసుపుపచ్చ తీగ ఒకటి బయటపడింది. ఆకు ఆకుకూ రెండేసి చుక్కలు. నాలుగో ఆకు మాత్రం వెనక్కి తిరిగి ఉంది.

బీరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ ఆకు గీసేటప్పుడు అదే బస్తీలో ఉండే కౌసల్యమ్మ పక్కన కూర్చుని ఏదో అని నవ్వించింది. ఆ నవ్వులో కుంచె జారింది. సైకిలు కౌసల్యమ్మ పెనిమిటి ఐలన్నది.

ఐలన్న అదే మందుల కంపెనీలో ఒక గుత్తేదారు కింద తొట్లు కడిగేవాడు. దసరా ముందు ఒకనాడు పనికని పోయి తిరిగి రాలేదు. ఆ రోజు అసలు డ్యూటీకే రాలేదని కంపెనీ వాళ్ళన్నారు. ఎవరితోనో బొంబాయి బస్సెక్కుతుంటే చూసినవాళ్ళున్నారని గుత్తేదారు అన్నాడు. సైకిలు కూడా లేకపోవడంతో బస్తీ ఆ మాటే నమ్మింది. "మొగుణ్ణి నిలుపుకోనీకి చాతగాలే" అని అత్త ముత్యమ్మ ఏడు నెలలుగా కౌసల్యమ్మను నంజుకు తింటోంది.

బీరమ్మ మొగుణ్ణి పిలిచి చూపించింది. నర్సన్న వంగి ఆ ఆకును చూశాడు.

"గీకెయ్" అన్నాడు. "మనం సూడలే. మన కాడికొచ్చే సైకిళ్ళన్నీ ఆ గేటుకాడివే."

"గిది నా చెయ్యి గీసింది. నా చేతులతోనే గీకెయ్యమంటవా?"

అతను రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. సోడా నీళ్ళు ఆ తీగను కూడా తినెయ్యకుండా బీరమ్మ రెండు బిందెల నీళ్ళతో ఫ్రేము కడిగింది.

సాయంత్రం డ్యూటీ దిగి పెద్దరాములు వచ్చాడు. బీరమ్మ దాచలేదు.

"రాములన్నా, గిది ఐలన్న సైకిలు."

అతను ఒకసారి వెనక్కి చూసుకుని గడప మీద కూలబడ్డాడు.

"తొట్టిల దింపిండ్రు. లోపల గ్యాసుండె. నలుగురు గుంజి బయటేసినంక సూస్తే పానం లేదు. మేనేజరు జీపు తెప్పిచ్చిండు. గేటు నేనే తెరిసిన."

"యాడికి తీస్కపోయిండ్రు?"

"నాకు చెప్పలే. నేను అడగలే."

"సైకిలు?"

"ఇరగ్గొట్టి పారెయ్యమన్నరు. మంచి సైకిలు. మనసొప్పలే."

"గీ ముచ్చట కౌసల్యతోని నువ్వే చెప్పు" అంది బీరమ్మ.

"నౌకరి పోతది, బీరమ్మా" అని లేచి, సైకిలు అడక్కుండానే వెళ్ళిపోయాడు.

బీరమ్మ వెళ్ళి కౌసల్యమ్మను పిలుచుకొచ్చింది. పెద్దరాములు ఒక సైకిలు తెచ్చాడని మాత్రమే దారిలో చెప్పింది. కౌసల్యమ్మ ఫ్రేము ముందు కూర్చుని వెనక్కి తిరిగిన ఆకును వేలితో తడిమింది.

"రాములన్న తెచ్చిండా? కంపెనీల ఉండెనా ఇన్నొద్దులు?" అంది. ఆమె మొహం విచ్చుకుంది. "అయితే బొంబాయి పోలే! నన్నిడిసి పోలేదక్కా. మా అత్తకు చెప్పాలె!"

ఆ నవ్వు చూసి బీరమ్మ తల తిప్పుకుంది. ఎప్పుడొచ్చాడో నర్సన్న వెనకే నిలబడి ఉన్నాడు. గీకెయ్యమన్నవాడే, భార్యను పక్కకు పిలిచి సంగతంతా విని, కౌసల్యమ్మ ఎదుట గొంతుక్కూర్చుని చెప్పాడు. తొట్టి, గ్యాసు, జీపు.

కౌసల్యమ్మ మొహాన ఆ నవ్వు ఇంకాసేపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత, "గయితే యాడ పెట్టిండ్రు?" అంది. 

మర్నాడు ముత్యమ్మతో కలిసి నలుగురూ సైకిలు మోసుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళారు. ఎస్సై ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూశాడు. "రంగులేసేది మీరే, తీగలు గీసేది మీరే. నిన్న గీసి తెచ్చిన్రేమో, నాకేమెరుక?" అన్నాడు. పెద్దరాములును పిలిపిస్తే, సైకిలు రోడ్డుపక్క మోరీలో దొరికిందన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ బీరమ్మ వైపు చూడలేదు. కాగితం రాసుకుని, సైకిలు అక్కడే ఉంచుకుని, వీళ్ళను పంపించేశారు. కేసు కట్టలేదు.

ఆ తర్వాత కంపెనీ గేటు నుంచి ఒక్క సైకిలూ రాలేదు. నర్సన్న పొద్దున్నే బస్సెక్కి సంగారెడ్డి పోయి ఇళ్ళ కిటికీలకూ గేట్లకూ రంగులేసేవాడు. నడిల్లు ఖాళీ అయినా బీరమ్మకు లోపల పడుకోబుద్ధి కాలేదు.

పీనుగ లేనిదే దినం ఎట్లా చేస్తారని కులపెద్దలు తర్జనభర్జన పడ్డారు. కౌసల్యమ్మ వినలేదు. "పారిపోయినోని పెండ్లాన్ని అని ఇంకెన్నొద్దులు అనిపించుకోవాలె?" అంది. ముత్యమ్మే గడ్డి తెచ్చి బొమ్మ కట్టింది. కొడుకు అంగీ తొడిగి, గుండీలన్నీ ఒక్కొక్కటే పెట్టింది. ఆ బొమ్మను పూడ్చిపెట్టారు.

స్నానానికి వాగులో దిగుదామంటే నీళ్ళు ఎర్రగా నురగలు కక్కుతున్నాయి. బీరమ్మ బోరింగు దగ్గర్నుంచి రెండు బకెట్లు మోసుకొచ్చింది. ముత్యమ్మ కోడలి చేతి గాజులు తీసి పక్కన పెట్టి, తల మీద నీళ్ళు పోసింది.

"నేనన్న మాటలు మనసుల పెట్టుకోకు బిడ్డా" అంది.

కౌసల్యమ్మ తల ఇంకొంచెం ముందుకు వంచింది. ముత్యమ్మ ఇంకో చెంబు ముంచింది.