స్టేషన్‌లో సాక్ష్యం

తాండూరులో చంద్రశేఖర్‌కు నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. అక్కడి చర్చికి ఆయనే సంఘ పెద్ద. చర్చిలో పరిచిన బండలన్నీ ఆయన ఇచ్చినవే. నర్సప్ప ఏళ్ల తరబడి ఆ యూనిట్‌లోనే రాయి కోసే మిషన్ మీద పని చేస్తున్నాడు. అతని భార్య నాగరాణి ఆదివారాలు అదే చర్చిలో పిల్లలకు బైబిలు కథలు చెబుతుంది.

ఒక సాయంత్రం నాగరాణి పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వస్తోంది. ఎదురుగా చంద్రశేఖర్ టిప్పర్ వచ్చింది. డ్రైవర్ చెవికి ఫోన్ ఆనించుకునే మలుపు తిప్పాడు. బండి రోడ్డు దిగి, పక్కన గొర్రెల్ని తోలుకుపోతున్న బీరప్పను గుద్దింది. అతని కాలు విరిగింది. కొన్ని గొర్రెలు అక్కడికక్కడే చచ్చిపోయాయి. నాగరాణి కొంగు చింపి కట్టు కట్టి, అదే ఆటోలో అతన్ని ఆసుపత్రికి చేర్చింది.

మర్నాటికి వేరే మాట పుట్టింది. గొర్రెలు అడ్డం వచ్చాయని, తప్పంతా బీరప్పదేనని డ్రైవర్ పోలీసులకు చెప్పాడు. ఆ సాయంత్రం చంద్రశేఖర్ స్వయంగా నర్సప్ప ఇంటికి వచ్చాడు.

"చెల్లె, నువ్వేం జూడలేదని చెప్తే అయిపాయె. మనమంత ఒక్క సంఘపోళ్లం. గా గొర్లకాపరి కోసం మనల్ని మనమే బద్నాం చేస్కుంటమా?"

"కండ్లార జూసిన అన్నా. జూడలేదని ఎట్ల జెప్త?" అంది నాగరాణి.

చంద్రశేఖర్ వాళ్లిచ్చిన చాయ్ ముట్టకుండానే లేచాడు. "నర్సప్పా, జర నువ్వన్న సమ్జాయించు," అని వెళ్లిపోయాడు.

నర్సప్ప తలుపు దగ్గరికి వేశాడు. "పని పోతది నాగరాణీ. పిల్లల సదువులు ఎట్ల?"

"ఆయితారం చర్చిల నిలబడి సాక్ష్యం చెప్తం గదా," అంది నాగరాణి. "స్టేషన్ల నిజం చెప్పకపోతే గా సాక్ష్యం ఎందుకు? రేపు పోతున్న. నువ్వు రాకున్నా ఏమనుకోను."

తెల్లారి నర్సప్ప ఉతికిన చొక్కా తొడుక్కుని ఆమె వెంట నడిచాడు.

"మీ సేటు మీదనే చెప్తున్నవా?" అని ఎస్సై గద్దించాడు.

"ఎవరి మీద కాదు సార్. జరిగింది చెప్తున్న." ఎన్నిసార్లు అడిగినా ఆమె మాట మారలేదు.

నర్సప్ప పని పోయింది. ఆదివారం చర్చిలో నాగరాణి పక్కన ఎవరూ కూర్చోలేదు. పాస్టరు సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు, ఆరోజు అదే ఆటోలో ఉన్న వెంకటమ్మ లేచి నిలబడింది.

"టిప్పర్ గుద్దింది నేను గూడ జూసిన. భయపడి నోరు మూస్కున్న. రేపు నేను గూడ స్టేషన్‌కు పోత," అని వచ్చి నాగరాణి పక్కన కూర్చుంది. చంద్రశేఖర్ తల ఎత్తలేదు.

ఆ వారమే డ్రైవర్ నిజం ఒప్పుకున్నాడు. బీరప్ప వైద్యం ఖర్చు చంద్రశేఖర్ తన మీద వేసుకున్నాడు. నర్సప్పను మాత్రం మళ్లీ పనికి పిలవలేదు. అతను వికారాబాద్‌లో ఇళ్లకు బండలు పరిచే పనిలో చేరాడు.

బీరప్పను తర్వాత మార్చింది కూడా వికారాబాద్ ఆసుపత్రికే. ఒకరోజు పని దిగి నర్సప్ప చూడబోయాడు. బీరప్ప భార్య రుక్కమ్మ అతన్ని గుర్తుపట్టలేదు.

"ఎవరన్నా నువ్వు?"

"నాగరాణి మొగణ్ణి," అన్నాడు నర్సప్ప. వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా వచ్చింది ఆ మాట.

రుక్కమ్మ గబగబా స్టూలు తుడిచి అతని ముందు వేసింది.