స్వామికి రాసిన నోటు

నేను ఒక పాలపొడి డబ్బాని. ఇప్పుడు నన్ను చూసినవాళ్లు ఆ మాట నమ్మరు. ఎక్కడో కార్ఖానాలో రేకుగా పుట్టి, చుట్టబడి, అతుకు వేయించుకుని, ఒంటి మీద బొద్దుగా నవ్వే పసిపాప బొమ్మతో నరసాపురం మందుల షాపుకి వచ్చాను. అక్కణ్ణించి కోదండం ఇంటికి చేరాను. కోదండం బియ్యం మిల్లులో గుమాస్తా. అతని భార్య మంగతాయారు లేసు అల్లుతుంది. వాళ్ల పసిదానికి తల్లిపాలు చాలక నన్ను కొన్నారు. పాలపొడి అయిపోయాక రెండేళ్లు నాలో ఆవాలు పోసుకున్నారు. అక్కడితో నా కథ ముగిసి పాత ఇనుములోకి పోవలసినదాన్ని.

కానీ కోదండానికి కామెర్లు వచ్చాయి. ముదిరిపోయాయి. పెద్దాసుపత్రిలో ఇరవై రోజులున్నాడు. అతని తల్లి పేరంటాలమ్మ ఆవాలు చేటలో గుమ్మరించి, నన్ను కడిగి, రేకుపని చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లి మూతకి డబ్బులు పట్టేలా సన్నటి గంటు పెట్టించి, చుట్టూ సీసంతో మాటు వేయించింది. పసుపు రాసి, ఆ పసిపాప నుదుట తిరునామం దిద్దింది. "తండ్రీ, నా కొడుకుని నాకియ్యి. వారం వారం ముడుపు కడతాను. అందరం నడిచి నీ కొండెక్కుతాం" అని దేవుడి అలమరలో పెట్టింది. ఆవాల డబ్బా అలా దేవుడి హుండీ అయింది. మనుషుల్లో ఇంత త్వరగా పదవి పెరిగినవాణ్ణి నేను చూడలేదు.

కోదండం లేచి తిరిగాడు. ఆసుపత్రి ఖర్చుకి తెచ్చిన నలభై వేల అప్పు మాత్రం మంచం దిగలేదు. ఇచ్చినవాడు గవర్రాజు గారు. చెడ్డమనిషి కాదు. ఇంటికెళితే మజ్జిగ ఇచ్చేవాడు. పిల్లదాని చదువు అడిగేవాడు. నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ మాత్రం మజ్జిగలో కలిపేవాడు కాదు.

నెలకి పన్నెండు వందలు. రెండేళ్లు ఎలాగో కట్టారు. మూడో ఏడు మిల్లు సరిగా నడవక, జీతం సగం సగం వచ్చి, వడ్డీ నిలిచిపోయింది. ప్రోనోటుకి మూడేళ్లే ఆయుష్షు. గడువు దగ్గరపడగానే గవర్రాజు గారు కబురు పెట్టాడు. ఏడాది వడ్డీ పద్నాలుగు వేల నాలుగు వందలు కట్టేస్తే పాత అసలుకే నోటు తిరగరాస్తాడు. కట్టకపోతే ఆ వడ్డీని అసల్లో కలిపి, ఈ రెండు గదుల పెంకుటింటి కాగితాలు తనకి తాకట్టు పెట్టాలి.

ఆ ఇంట్లో పొదుపు నేను కళ్లారా చూశాను. కాఫీ మానేశారు. కేబులు తీయించేశారు. కోదండం సైకిలు టైరుకి అతుకు మీద అతుకు వేయించాడు. మంగతాయారు అలమర తలుపు లోపలివైపు సుద్దముక్కతో ఖర్చులు రాసేది. నూనె అర కిలో అని రాసి, కాసేపు చూసి, అర కొట్టేసి పావు రాసేది. అంతా చేసి కూడబెట్టింది అయిదువేల ఏడు వందలు.

నేను మాత్రం నిండుతూనే ఉన్నాను. శనివారం వచ్చేసరికి ఇంట్లో ఏది ఉన్నా లేకున్నా నాలో యాభై రూపాయలు పడేవి, పండగ వారాల్లో ఇంకాస్త ఎక్కువే. గవర్రాజు గారి దగ్గర వడ్డీ పెరుగుతుంటే, నా కడుపులో డబ్బు కళ్లు మూసుకుని కూర్చునేది. ఎంతుందో వాళ్లెవరికీ తెలియదు. ముడుపు లెక్కపెట్టకూడదని పేరంటాలమ్మ ఆన.

గడువు ఇంక నాలుగు రోజులుందనగా మంగతాయారు నోరు విప్పింది.

"అత్తయ్యా, తప్పయితే నన్ను తిట్టండి. ఆ డబ్బా తెరిస్తే ఇల్లు నిలబడుతుందేమో."

కోదండం చెంపలు వేసుకున్నాడు. "అది దేవుడి సొమ్ము. నన్ను బతికించినందుకు కట్టిన ముడుపది. దాన్ని ముట్టుకుంటే ఇంకేమైనా ఉందా?"

"మిమ్మల్ని బతికించినాయన మనల్ని వీధిలో నిలబెట్టమంటాడాండీ?"

మర్నాడు శనివారం. పేరంటాలమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడివేసుకుని నా ఎదుట కూర్చుంది. చాలాసేపు స్వామి పటం వంకే చూసింది.

"ఒరే కోదండం, ఆయన పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. పత్రం రాసిచ్చాడు. ఇప్పటికీ వడ్డీ కడుతూనే ఉన్నాడు. అప్పు బాధ ఆయనకి తెలీదంట్రా?"

"అయితే తీసేసుకుందామంటావా?"

"ఊరికే తీస్తే దొంగతనం. రాసి తీస్తే అప్పు. నోటు రాయి."

"దేవుడికి నోటేమిటే అమ్మా! ఆయన కోర్టులో వేస్తాడా?"

"వెయ్యడు. అందుకే ఎగ్గొట్టకూడదు."

వడ్డీ దగ్గర మళ్లీ బేరం పడింది. కోదండం అర్ధరూపాయి అన్నాడు. పేరంటాలమ్మకి కోపం వచ్చింది. "ఆ గవర్రాజుకి మూడు రూపాయలూ, నీ ప్రాణం నిలబెట్టినవాడికి అర్ధరూపాయా? రెండు రాయి." చివరికి మంగతాయారు, "రూపాయి ధర్మవడ్డీ అత్తయ్యా, మనం కట్టగలిగింది రాసుకుంటే స్వామికీ నమ్మకం" అని తేల్చింది.

స్క్రూడ్రైవరుతో నా మూత లేపారు. లెక్కపెడితే ఎనిమిదివేల ఆరు వందలు. తక్కువపడిన వంద మంగతాయారు లేసు డబ్బుల్లోంచి వేసింది. కోదండం రెవెన్యూ స్టాంపు అంటించి, ఏడుకొండలవాడి పేర ప్రోనోటు రాసి సంతకం చేశాడు. పేరంటాలమ్మ వేలిముద్ర వేసింది. మంగతాయారు సాక్షి. నోటు స్వామి పటం వెనక పెట్టి, నాకు మళ్లీ మాటు వేయించారు. బాకీ తీరేదాకా తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఇల్లు నిలిచింది.

ఆ తర్వాత ప్రతి శనివారం కోదండం నాలో యాభై వేసి, నోటు తీసి వెనకవైపు చెల్లు రాసేవాడు. ఆ కాగితం నిండితే ఇంకోటి అంటించేవాడు. సాయంత్రాలు ఒక ఎరువుల కొట్టులో పద్దులు రాసి ఆ డబ్బు గవర్రాజు గారి అసలుకి జమ చేసేవాడు. మంగతాయారు చేతిలో లేసు ఆగేది కాదు.

రెండేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం మంగతాయారు అల్లినదంతా విప్పేస్తోంది. కన్నాల లెక్క తప్పింది. అప్పటికి అది మూడోసారి.

"కళ్లజోడు కొనుక్కోవే పిల్లా."

"నోటు తీరనీయండి అత్తయ్యా."

"నోటు తీరేసరికి కళ్లు తీరిపోతాయి."

మంగతాయారు నవ్వేసి నీళ్లకెళ్లింది. పేరంటాలమ్మ లేచి, కర్పూరం బిళ్లలు వేసిన తన ట్రంకుపెట్టెలోంచి పాత చీర తీసి, దాని చెంగున ఉన్న ముడి విప్పింది. తన చావు ఎవరికీ అప్పు కాకూడదని పింఛనులోంచి ఏళ్లతరబడి దాచుకున్న నాలుగు వేలు అవి. నోట్లని తమలపాకు చిలక చుట్టినట్టు ముక్కోణంగా మడవడం ఆవిడ అలవాటు. ఆ చిలకల్ని ఒక్కొక్కటే నా గంటులోకి తోసింది.

"మట్టి ఖర్చుకని దాచుకున్నాను తండ్రీ. మట్టి ఎలాగూ అవుతాను. పిల్లలు త్వరగా ఒడ్డున పడితే చాలు" అంది. చెల్లు రాయించడం ఆవిడకి తట్టలేదు. కొడుక్కి చెబితే వద్దంటాడని నోరు మెదపలేదు.

మరుసటి ఆషాఢంలో ఆవిడ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. ట్రంకుపెట్టెలో డబ్బుందని కోదండానికి తెలుసు. వెళ్లి చూస్తే చీర చెంగు ఖాళీగా, ముడి ఆనవాలుతో ముడతలు పడి ఉంది. వాకిట్లో తల్లి, చేతిలో ఆ చీర. అతను భార్య వంక తిరిగాడు.

"నువ్వేమైనా తీశావా?"

మంగతాయారు, "తీస్తే మీకు చెప్పనా?" అంది.

మిల్లులో జీతం మీద అడ్వాన్సు తెచ్చి కార్యం నడిపించాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మంగతాయారూ ఎత్తలేదు. సుద్దముక్క లెక్కలు మాత్రం, అంతవరకు తలుపు మీద రాసి ఊరుకునేది, ఆ రోజునుంచి ప్రతి పైసా భర్తకి చదివి వినిపించేది. అతను "ఎందుకే ఇవన్నీ" అనేవాడు. ఆవిడ చివరిదాకా చదివేది. నా కడుపులో జవాబు ఉంది. నాకు గంటు పెట్టారు గానీ అది లోపలికి వేయడానికే. అంత బాధ నేను మళ్లీ పడలేదు.

మొత్తం రెండు వందల ఇరవై శనివారాలు పట్టింది. గవర్రాజు గారి నోటు చింపించి తెచ్చిన వారంలోనే స్వామి నోటుకీ ఆఖరి చెల్లు పడింది. నన్ను తెరిచారు. చెల్లుల లెక్క పదకొండు వేలు. కోదండం రెండుసార్లు లెక్కపెట్టాడు. పదిహేను వేలు వచ్చాయి. అప్పుడు మంగతాయారు అడుగున మిగిలిన ముక్కోణపు మడతల్ని ఒక్కొక్కటే తీసి చాప మీద పేర్చింది. విప్పలేదు.

"అత్తయ్య చిలకలు" అంది.

కోదండం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ముక్కుకి దగ్గరగా పెట్టుకున్నాడు. కర్పూరం వాసన ఇంకా ఉంది. తల ఎత్తకుండానే, "ఆ రోజు నిన్ను అడిగాను" అన్నాడు.

"అడిగారు."

"ఏం చెయ్యమంటావు?"

"దానికీ నోటు రాస్తారా?"

అతను నోటు తిరగేసి, చివరి చెల్లు కింద మిగిలిన చోట, "మా అమ్మ పేరంటాలు చేత చెల్లు రూ. 4,000" అని రాశాడు. తేదీ తెలియక ఆ చోటు ఖాళీగా వదిలేశాడు.

నన్ను పసుపుగుడ్డలో కట్టుకుని, పిల్లదానితో కలిసి ముగ్గురూ నడిచి కొండెక్కారు. నాలో ఉన్నదంతా స్వామి హుండీలో పోశారు. చిలకల్ని మడత విప్పకుండానే వేశారు. కోట్లు పడే ఆ హుండీలో అవి ఎవరి కంట పడ్డాయో నాకు తెలియదు. స్వామి ఆ నాలుగు వేలు వడ్డీ కింద తీసుకున్నాడో, అసలు కింద తీసుకున్నాడో, అసలు అడిగాడో లేదో కూడా తెలియదు. రేకు డబ్బాకి అంతకన్నా తెలియదు.

ఇంటికి వచ్చాక నన్ను పారేస్తారనుకున్నాను. అడుగు తుప్పు పట్టింది. పసిపాప బొమ్మ చెరిగిపోయింది. నామం ఒక్కటే మిగిలింది. కానీ ఆ శనివారం కోదండం స్నానం చేసి వచ్చి, జేబులోంచి యాభై తీసి నాలో వేశాడు.

మంగతాయారు లేసు మీంచి తలెత్తింది. "అంతా తీరిపోయిందిగా. మళ్లీ ఎవరికండీ?"

"నీ కళ్లజోడుకి."

ఆవిడ ఒళ్లో లేసు కన్నాలు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకుంది. ఆ సాయంత్రం అలమర తలుపు మీద లెక్కలు రాసింది. అతనికి చదివి వినిపించకుండానే తలుపు మూసింది.