రెండో బిగింపు

రాజనర్సయ్య ఎర్రగడ్డలో ముప్పై ఏళ్లు కమాన్ పట్టీల పని చేశాడు. వెనక చక్రాల మీద బండి బరువు మోసే ఆ ఉక్కు పట్టీల కట్టను చూడగానే, ఏ పట్టీ అలిసిపోయిందో చెప్పేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక షెడ్డు మూసేశాడు. భార్య పోయాక ఎస్.ఆర్. నగర్‌లో కూతురు వనిత ఇంటికి చేరాడు.

అల్లుడు నరేశ్‌కు పికప్ ఉంది. హాస్టళ్లకు ఇనుప మంచాలు, బీరువాలు తోలేవాడు. ఈ మధ్య పంజాగుట్టలో కడుతున్న అపార్ట్‌మెంటుకు గ్రానైట్ పలకలు తోలే పని దొరికింది. ఆ బరువుకు బండి వెనక్కి కుంగిపోతోంది.

"పక్కకొక పట్టీ ఎక్కియ్యి మామా. ఇంట్ల మేస్త్రీని పెట్టుకొని బయట చేయిస్తరా ఎవలన్న?"

"కుంగుడు తగ్గుతది గని బండికి బలం రాదు. ఇరుసు గదే, బ్రేకులు గవే. లోడు జర తక్కువ ఏస్కో."

"నిన్ను సలహా అడిగిన్నా? కూసోని తింటున్నవ్ గద, చెయ్యి."

వంటింట్లో వనిత వింది. పప్పుకు తాలింపు వేస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు పని మొదలైంది. రాజనర్సయ్య ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. బండి వెనక భాగం జాకీతో లేపి, కింద మొద్దులు పేర్చాడు. వెల్లకిలా కిందికి దూరి, ఇరుసును పట్టీలతో కలిపి పట్టుకునే యూ బోల్టులు విప్పాడు. వణికే చేతులు పానా పట్టగానే కొంచెం కుదుటపడ్డాయి. ఒక పక్క పూర్తిచేసి, రెండో పక్క కట్ట విప్పి, కొత్త పట్టీని దాని చోట సర్దుతున్నాడు.

అప్పుడు నరేశ్ చప్పుడు చేయకుండా వెనక లోడు వేసే డాలా మీదికెక్కి ఎగిరి గెంతాడు.

బండి ఊగింది. మొద్దు కిర్రుమంది. తన మీదికే వస్తోందనుకుని రాజనర్సయ్య గావుకేక పెట్టాడు. లేవబోతే నుదురు ఇనుముకు కొట్టుకుని చిట్లింది. పాక్కుంటూ బయటికొచ్చేసరికి లుంగీ తడిసిపోయి ఉంది.

"భూకంపం మామా, భూకంపం!" అంటూ నరేశ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. గుమ్మంలో వనిత ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. ఆమె కూడా నవ్వుతోంది.

ఎదురింటి బుచ్చిబాబు గారు గేటు దగ్గరికొచ్చారు. "ఆయన వయసేంటి, నువ్వు చేసే పనేంటి బాబూ?"

"మా ఇంట్ల ముచ్చట సార్. మీరు పోండ్రి."

వనిత ఆ వీడియోను చుట్టాల గ్రూపులో పెట్టింది. రాజనర్సయ్య లుంగీ మార్చుకుని, నుదుటికి పసుపు అద్దుకుని, మళ్లీ బండి కిందికి దూరాడు. సగం చేసిన పనిని వదలడం అతనికి చేతకాదు. నాలుగు యూ బోల్టులూ బలమంతా పెట్టి బిగించాడు. ఇంట్లోంచి తన కేక పదే పదే వినిపిస్తోంది. ఆ వీడియో ఆగగానే వనిత మళ్లీ మొదటినుంచి పెడుతోంది.

"అయిపోయిందా?" అన్నాడు నరేశ్.

కొత్త పట్టీ మొదటి లోడుకు సర్దుకుంటుంది. బోల్టులు వదులవుతాయి. ఒక ట్రిప్పు వేసి వచ్చాక వాటిని మళ్లీ బిగించాలి. ముప్పై ఏళ్లలో ఆ మాట చెప్పకుండా రాజనర్సయ్య ఒక్క బండినీ పంపలేదు.

"అయిపోయింది" అన్నాడు.

మూడు రోజులు బండి బాగానే తిరిగింది. నాలుగో రోజు పలకల లోడుతో నరేశ్ టిఫిన్‌కు ఇంటికొచ్చాడు. పంజాగుట్టలో బ్యాంకు పని ఉందని వనిత కూడా బండెక్కబోయింది. రాజనర్సయ్య గేటు దాకా వచ్చాడు.

"బిడ్డా, ఆటోల పో."

"ఎందుకు నాయినా?"

అతను నోరు తెరిచాడు. ఇంతలో నరేశ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏంది మామా, మళ్ల లుంగీ తడుస్తదా?"

వనిత పకపకా నవ్వింది. రాజనర్సయ్య నోరు మూసుకున్నాడు. బండి సందు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాడు.

పంజాగుట్ట దగ్గర సిగ్నల్ పడితే నరేశ్ బ్రేక్ గట్టిగా తొక్కాడు. ఒక పక్క ఇరుసు కదిలిపోయి, బండి గిర్రున తిరిగి డివైడర్‌ను గుద్దింది. పలకలు ముందుకు దూసుకొచ్చి క్యాబిన్‌ను చీల్చాయి. నరేశ్‌కు గీరుకుపోయిన గాయాలే. వనిత కుడిచేయి పలకల కింద నలిగింది. సాయంత్రానికి డాక్టర్లు మోచేతి దాకా తీసేశారు.

ప్రమాదం జరిగిన మూడో రోజు ఆసుపత్రి వార్డులో మంచం చుట్టూ చుట్టాలు నిలబడి ఉన్నారు. బండిని చూసిన మెకానిక్, బోల్టులు వదులై ఉన్నాయని చెప్పాడట. నరేశ్ ఏడ్చి ఏడ్చి నీరసపడ్డాడు.

"మామదేం తప్పు లేదు. ముసలోడయిండు, చేతులు వణుకుతయ్. బిగించుడు చాతగాలే. నేనే చేపియ్యకుంట ఉండాల్సింది."

ఆ ఇంట్లో చేరాక అల్లుడి నోట రాజనర్సయ్య విన్న మొదటి మెత్తని మాట అది. చుట్టాలు జాలిగా చూశారు. ఎవరో భుజం తట్టబోతే ఆ చేయి విసిరికొట్టాడు.

"నాకు చాతగాకనా? నా బిగింపుల తప్పు లేదు. మొదటి లోడుకు అవి వదులైతయ్, మళ్ల బిగియ్యాలె. గది నాకెర్కే. కావాల్ననే చెప్పలే."

నరేశ్ అర్థం కానట్టు చూశాడు. మంచం మీద వనిత కళ్లు తెరిచింది.

"నేను బండెక్కేటప్పుడు సుత ఎర్కేనా?"

తెలియదని అతను అబద్ధం చెప్పొచ్చు. నమ్మడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

"ఎర్కే" అన్నాడు రాజనర్సయ్య.

నరేశ్ అతన్ని గోడకు అదిమి కొట్టాడు. చుట్టాలు విడదీశారు. పోలీసు కేసు పెట్టమని కొందరన్నారు. వనిత వద్దంది. ఆ మాటకు తండ్రి కళ్లలో నీళ్లు తిరిగాయి, బిడ్డ క్షమించిందనుకున్నాడు. ఎక్కడైనా ఆశ్రమంలో దింపెయ్యమని, మీకు భారం కానని బతిమాలాడు.

"యాడికీ పోవద్దు" అంది వనిత. "నా కండ్ల ముందరనే ఉండాలె."

ఇప్పుడు ఆమెకు అన్నం కలిపి పెట్టేది అతనే. గిన్నె ముందు కూర్చుని ముద్దలు చేస్తాడు. చేయి వణికి మెతుకులు ఆమె ఒళ్లో పడతాయి. వాటిని ఆమె దులుపుకోదు. తినడం అయ్యేదాకా తండ్రి మొహం మీంచి చూపు తిప్పదు.